రెండు ఐసు గడ్డలు

గుండుగొలను హేచరీలో, తెల్లమచ్చ రోగం పట్టిన చేపపిల్లల తొట్టిలో చెయ్యి పెట్టిన కృపావరం చటుక్కున తీసేశాడు. నీళ్లు చల్లగా ఉన్నాయి.

"సూరమ్మా, హీటరు కట్టేశావా?" అని తొట్టి దగ్గర పనికి పెట్టిన మనిషిని అడిగాడు.

"లేదండీ. పిల్లలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే చూడలేక రెండు గడ్డలు ఐసు వేశాను."

"పదిరోజులు వెచ్చగా ఉంచితేనే పురుగు చస్తుందని డాక్టరుగారు చెప్పలేదా? ఎనిమిది రోజులు కాపాడానే! ఈ ఏటి పిల్లంతా ఇదేనే!"

"ప్యాకింగు షెడ్డులో ఇరవయ్యేళ్లు చేశానండీ. ఐసుంటే చేప పాడవదుగా?"

"అది చచ్చిన చేపకే పిచ్చిదానా! కృప నువ్వు చూపించావు, వరం నాకు పోయింది."

"మళ్లీ మొదటిరోజు నుంచీ వెచ్చబెడదామండీ."

"వేటినే?"

తొట్టిలో తెల్లపొట్టలు ఒక్కొక్కటే పైకి తేలుతున్నాయి. సూరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఏడవకు," అన్నాడు కృపావరం. "ఇంక పాడవవులే."