పన్నెండింటి బస్సులో స్వెట్టరు

ఏంటే నీ సంచిలో ఆ సూదులు? ఇటు చూపించు. వెదురువా? నున్నగా బానే ఉన్నయ్యి. ఫోన్లో చూసి స్వెట్టరు అల్లటం నేర్చుకుంటున్నావా? ఓసి నీ... నవ్వనీవే, నిన్ను చూసి కాదులే నవ్వేది. నీకెవరూ చెప్పినట్టు లేరు. మన ఇంట్లో అల్లిక ఆడవాళ్ళ నుంచి రాలా. మా నాన్న నుంచి వచ్చింది. అవునే, మీ ముత్తాత సాంబయ్య. ముందుగదిలో ఫొటో లేదూ, ఖాకీ చొక్కా, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా మీసాలు, ఎవర్నో కొట్టటానికి వెళ్తా మధ్యలో ఆగి ఫొటో దిగినట్టుంటాడు చూడు, ఆ మనిషే. ఆయన స్వెట్టర్లు అల్లేవాడు. జగ్గయ్యపేటలో. మే నెలలో.

మిలట్రీలో లారీ తోలేవాడాయన. అస్సాం అవతల ఎక్కడో కొండల్లో లారీ బోర్లాపడి కాలు విరిగితే నాలుగు నెలలు ఆస్పత్రిలో పడుకోబెట్టారంట. మంచం మీదున్న మనిషి ఊరుకుంటాడా, గోల. ఆ గోల పడలేక ఓ మలయాళం నర్సమ్మ రెండు సూదులూ ఊలుండా చేతిలో పెట్టి, నోరు మూసుకుని ఇది చెయ్యమందంట. నోరు మూసుకున్నాడో లేదో నాకు తెలవదు గానీ చేతులు మాత్రం మళ్ళీ ఆగలా. డెబ్బైలో మిలట్రీ వదిలి ఇంటికొచ్చాడు. మిగతా మిలట్రీ వాళ్ళు ట్రంకుపెట్టెల్లో రమ్ము సీసాలు తెచ్చుకున్నారు, మా నాన్న పెట్టె తీస్తే మొత్తం పచ్చరంగు ఊలు. నాకు స్వెట్టరు, మా అమ్మ దుర్గాంబకి స్వెట్టరు, కూజాకి తొడుగు, రేడియోకి తొడుగు. చెమటకాయలు పేలి ఒళ్ళంతా గోక్కుంటా తిరిగేదాన్ని. మా అమ్మ, "ఏవయ్యా, ఇది జగ్గయ్యపేట అనుకున్నావా కాశ్మీరమనుకున్నావా, బయట రోడ్డు మీద తారు కరుగుతుంది" అంటే, "అలవాటు చేసుకోవాలే, రేపెటు పోవాల్సొచ్చిద్దో" అనేవాడు. ఎటు పోతాం? మహా అయితే బెజవాడ. ఒకరోజైతే పూజగూట్లో వినాయకుడికి మంకీటోపీ అల్లాడు. నవ్వకే, చెవులకి విడిగా బొక్కలు కూడా పెట్టాడు. మా అమ్మ లెంపలేసుకుని, "దేవుడికి చలేంటయ్యా, నీ బుద్ధి మండ" అని లాగేసింది. "రోజూ పొద్దున్నే నెత్తిన చన్నీళ్ళు గుమ్మరిస్తన్నావు గదే, పిల్లాడికి జలుబు చెయ్యదూ" అన్నాడు. మా అమ్మ మూడు రోజులు ఆయనకి కూరలో ఉప్పెయ్యలేదు.

ఆఁ, ఎక్కడున్నా? అదే, వచ్చాక బస్సు డ్రైవరు అయ్యాడు. ఎర్ర బస్సు. జగ్గయ్యపేట నుంచి నందిగామ, మళ్ళీ నందిగామ నుంచి జగ్గయ్యపేట, రోజుకి నాలుగు ట్రిప్పులు. సీటు కింద సంచిలో ఊలు. చిల్లకల్లు దగ్గర టీకి ఆపితే అందరూ టీ తాగుతుంటే ఈయన స్టీరింగు మీద మోచేతులు పెట్టుకుని నాలుగు వరసలు అల్లేవాడు. కండక్టరు జాన్‌బాషా, మంచివాడు, రైట్ రైట్ అనకుండా ఆ వరసేదో అయ్యేదాకా ఆగేవాడు. ఎవరన్నా కొత్త ప్యాసింజరు ఏంటీ ఆలస్యం అని లేస్తే, "కూర్చోవయ్యా, మధ్యలో ఆపితే కుట్లు జారిపోతయ్యి" అని జాన్‌బాషానే కేకలేసేవాడు. బస్సులో అందరికీ తెలుసు. మా అమ్మకదే బాధ. మగాడు, అందులోనూ ఆ మీసాలు పెట్టుకుని, ఆడంగి పని చేస్తన్నాడంటే ఆ ఇంటి పిల్లని ఎవడు చేసుకుంటాడని రోజూ పోరు.

అప్పట్లో పెళ్ళిచూపులంటే పిల్ల ఒక్కతే కాదే, పిల్ల చేతిపని కూడా చూపించాలి. బల్ల మీద గుడ్డలు పరిచేవాళ్ళు. దారంతో కుట్టిన చిలకలు, పూసల సంచులు, తలగడ గలీబుల మీద స్వీట్ డ్రీమ్స్, అవన్నీ. ఇదంతా మా అమ్మాయే కుట్టిందండీ అని తల్లి చెప్పటం, వాళ్ళు తిరగేసి వెనకవైపు ముళ్ళు చూడటం. నాకు సూది పట్టుకుంటే ఆవలింతలు. ఒక్క జేబురుమాలు కుట్టిన పాపాన పోలేదు. డెబ్బైనాలుగులో నందిగామ నుంచి మా అత్తగారు భారతీదేవి వస్తుందంటే మా అమ్మ ఏం చేసిందో తెలుసా, మా నాన్న అల్లినవన్నీ తీసి బల్ల మీద పరిచేసింది. మా అత్తగారంటే మామూలు మనిషి కాదు, నందిగామలో మహిళా మండలికి ప్రెసిడెంటు. కళ్ళజోడు ముక్కు మీదికి లాక్కుని ఒక్కో స్వెట్టరూ తిప్పి తిప్పి చూసింది. "ఎవరల్లారు?" అంది. "మా పుష్పవతేనండీ" అంది మా అమ్మ, గుక్క తిప్పుకోకుండా. "ఇంత సాపుగా అల్లిన చెయ్యి నేను చూళ్ళేదు" అందావిడ. నేను తలొంచుకున్నా. సిగ్గనుకున్నారు. మా నాన్న పక్కన కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టేసుకున్నాడు. పెళ్ళి అట్టా కుదిరింది. మీ తాతయ్య నా మొహం చూసి ఒప్పుకున్నానని తర్వాత చెప్పేవాడులే, అబద్ధం, ఆయన ఆ గంటసేపూ పళ్ళెంలో కాజాలే చూశాడు.

కాపరానికొచ్చిన పదోరోజున మా అత్తగారు రెండు ఉండలు నీలం ఊలు తెచ్చి ఒళ్ళో పెట్టింది. మీ మామయ్యగారికి ఉబ్బసం, చలికాలానికి ఒకటల్లమ్మా అని. మా నాన్నకి కబురంపా. అప్పుడు మొదలైందే మా దొంగ వ్యవహారం. మా ఇల్లు రోడ్డు పక్కనే గదా. పన్నెండింటి బస్సు మా ఇంటి ముందు కాస్త నెమ్మదయ్యేది, రెండుసార్లు హారను. నేను పరిగెత్తుకెళ్ళి కిటికీలోంచి సంచి అందుకునేదాన్ని. మా అత్తగారు చూస్తే పుట్టింటి నుంచి పచ్చడి అనో కందిపొడి అనో చెప్పేదాన్ని. మళ్ళీ పొద్దున ఎనిమిదింటి బస్సుకి ఖాళీ క్యారియరు ఇస్తున్నట్టు ఆ అల్లిక తిరిగి అంపేదాన్ని. మజ్జానాలు అరుగు మీద కూర్చుని ఊరికే సూదులు ఆడించటం, అంతే నా పని. ఎదురింటి ప్రేమకుమారి ఒకసారి అంది, "ఏంటి వదినా, నిన్న జానెడుంది, ఇవాళ మూరెడయ్యింది, నువ్వు ఆడించేది చూస్తే ఒక్క పోగు కదల్లా" అని. "నీకు చత్వారమొచ్చింది" అని కసిరి పంపా. నందిగామలో సగం మందికి తెలుసు, వాళ్ళంతా ఆ బస్సెక్కేవాళ్ళే గదా. కానీ మా అత్తగారి మొహాన నిలబడి నిజం చెప్పే మొనగాడు ఊళ్ళో లేడు. రెండేళ్ళు నడిచింది. మామయ్యగారి స్వెట్టరు, ఆవిడ శాలువా, ఆడపడుచు పిల్లలకి టోపీలు, అన్నీ మా నాన్నే. పొగడ్తలన్నీ నాకే. మా నాన్న పండక్కొచ్చినప్పుడు ఆయన ముందే మా అత్తగారు, "మీ అమ్మాయి చేతిలో ఏదో ఉందండీ అన్నయ్యగారూ" అంటే, ఈయన మీసం కింద, "ఆఁ, చిన్నప్పట్నుంచీ అంతేనండీ" అని పులిహోర తినేవాడు.

డెబ్బైయారులో చావొచ్చిపడింది. మహిళా మండలికి పైనుంచి ఎవరో ఆఫీసరమ్మ వస్తుందంట. మా అత్తగారు నాతో ఒక్క మాట అనకుండా, మా కోడలు అందరి ముందూ అల్లి చూపించిద్ది, వచ్చే నెల నుంచి క్లాసు కూడా ఆమే చెప్పిద్ది అని చాటించేసింది. ఆవిడ ఏదైనా ఓర్చుకుంటది గానీ మోసం చేస్తే ఓర్చుకోదు. పాలవాడు ఒక్కసారి నీళ్ళు కలిపాడని పదిహేనేళ్ళ పాలు మాన్పించిన మనిషి. నన్ను సంచిచ్చి పుట్టింటికి పంపిస్తే? అప్పటికి మీ నాన్న కడుపులో ఉన్నాడు. మా నాన్న ఏం భయపడకే అని, చివరి నాలుగు వరసలు మిగిల్చిన చిన్నపిల్లల చొక్కా ఒకటి ఇచ్చి పంపాడు. దాన్ని చేతిలో పెట్టుకుని నెమ్మదిగా ఆడిస్తా కూర్చో, అయిపోవచ్చింది గదా అని ఎవరూ అడగరు అని.

కూర్చున్నా. నలభై మంది ఆడాళ్ళు. మా ఇంటి ముందుగదే, రోడ్డు మీదికి వాకిలి, తలుపులు బార్లా తీసున్నయ్యి. ఆ ఆఫీసరమ్మ, చక్కగా నవ్వు మొహమే, వచ్చి నా పక్కన కూర్చుని ఆ చొక్కా చూసి, "అబ్బ, భలే అల్లావమ్మా, ఇది పక్కన పెట్టి కొత్తగా కుట్లేసి చూపించు, వీళ్ళు మొదట్నుంచీ నేర్చుకోవాలి గదా" అంది. చొక్కా పక్కన పెట్టింది. ఖాళీ సూదులు నా చేతిలో పెట్టింది. నేను ఊలు సూదికి చుట్టా. జారిపోయింది. మళ్ళీ చుట్టా. ఎవరో కిసుక్కుమన్నారు. మా అత్తగారు, "వేవిళ్ళు గదా, నీరసం" అంది. ఆవిడ నా కోసం సర్దుతుంటే నాకు ఇంకా ఏడుపొచ్చింది. సరిగ్గా అప్పుడే రోడ్డు మీద రెండుసార్లు హారను. నా నోట్లోంచి దానంతటదే వచ్చేసింది, "నాకు రాదత్తయ్యా, అవన్నీ మా నాన్న అల్లాడు" అని.

మా అత్తగారు లేచింది. చెంగు దోపుకుని నడిరోడ్డు మీదికెళ్ళి బస్సు ముందు చెయ్యడ్డం పెట్టి నిలబడింది. "అన్నయ్యగారూ! దిగండి!" అని. నాకేదో అయిందనుకున్నాడు పిచ్చిమారాజు, ఇంజనైనా ఆపకుండా దూకాడు. ఆవిడ ఆ చొక్కా సూదులతో సహా ఆయన చేతిలో పెట్టి, "ఇవన్నీ మీరల్లారంట. అల్లండి" అంది. బస్సులో వాళ్ళంతా కిటికీల్లోంచి మెడలు బయట పెట్టారు. మా నాన్న నా వంక చూశాడు. నేను ఏడుస్తున్నా. ఆయన గట్టిగా నవ్వేసి, "ఇదేం చోద్యమండీ, నేను బస్సు తోలుకునేవాణ్ణి, నాకివన్నీ ఏం తెలుసు? కడుపుతో ఉన్న పిల్ల, భయపడి ఏదో వాగుంటది. అల్లేది మా పుష్పవతేనండీ" అన్నాడు. "మరి పట్టుకోండి, చూద్దాం" అంది ఆవిడ. పట్టుకున్నాడు. గేరు రాడ్డు పట్టుకున్నట్టు పిడికిట్లో పట్టుకున్నాడే! చుట్టూ తిప్పాడు, తప్పుగా, అష్టావంకర్లు. ఓ నాలుగు కుట్లేసి కావాలనే ఒకటి జారవిడిచాడు. "చూశారా, రాదండీ నాకు" అని మా అత్తగారి వైపు తిరిగి చెప్తానే ఉన్నాడు. ఆ జారిన కుట్టు కిందికి దిగిపోతావుంది. ఆయన కళ్ళు ఆవిడ మీదే ఉన్నయ్యి, నోరు రాదండీ రాదండీ అంటానే ఉంది, చెయ్యి మాత్రం ఊరుకోలా. ఆ ఎడంచేతి వేలు పోయి దాన్ని పట్టుకుని, సూది మీదికెక్కించి, బిగించేసింది. అంతా చూశారు. ఆయనొక్కడే చూడలా. కిటికీలోంచి జాన్‌బాషా, "అయిపోయింది అన్నా, దొరికిపోయావ్" అన్నాడు.

మా అత్తగారు చాలాసేపు ఆ చేతులే చూసింది. అప్పుడు అడిగింది, కేకలేస్తదనుకున్నాం, లేదు, మెల్లగా అడిగింది, "మీరే అల్లారా అన్నయ్యగారూ?" అని. హారను లేకుండా కేకేస్తే కాలవ అవతలికి వినపడే మనిషి మా నాన్న. ఆయన చెప్పులకేసి చూసుకుంటా, "అవునండి" అన్నాడు. పక్కనున్న నాకే సరిగ్గా వినపళ్ళా. "మీది చాలా మంచి చెయ్యి" అందావిడ. మీసాలన్నీ వణికినయ్యే ఆయనకి. నేనెప్పుడూ చూళ్ళేదు అట్టా. బస్సులో వాళ్ళు ఈలలేశారు, ఎవడో ముసలాయన, పెళ్ళి ముహూర్తం దాటిపోతుంది కదలవయ్యా అని తిట్టాడు, ఈయన కళ్ళు తుడుచుకోకుండానే వెళ్ళి బస్సెక్కాడు.

నన్ను పంపించలా. పన్నెండు రోజులు నాతో మాట్లాడలా, అంతే. పదమూడోరోజు, "అబద్ధమాడినందుకు ఈ ఏడాది ఆవకాయ ముక్కలన్నీ నువ్వే కొట్టు" అంది. మా నాన్నని మాత్రం వదల్లా. ప్రతి గురువారం, ఆయన సెలవురోజు, మహిళా మండలిలో క్లాసు. అనుకోవే నువ్వు, నలభై మంది ఆడాళ్ళ మధ్య మిలట్రీ మీసాలాయన కింద చాప మీద బాసింపట్టు వేసుకుని, "ఏంటమ్మా అది, అల్లికా, వలా? విప్పు, మొత్తం విప్పు" అని అరవటం. మా అమ్మ సిగ్గుతో ఆరు నెలలు నందిగామ రాలేదు. ఆ తర్వాత తనే ఆయనకి క్యారియరు కట్టి పంపేది. ఎనభైయారులో పోయేదాకా పదేళ్ళు చెప్పాడు. ప్రేమకుమారికి కూడా ఆయనే నేర్పాడు, దాని మనవలకి ఇప్పటికీ అల్లుతుంది, కళ్ళు కనపడకపోయినా.

నేనా? లేదే. మండలి పక్క వీధే, నాలుగడుగులు. ఒక్క గురువారం కూడా పోలేదు. ఒకసారి క్లాసుకి వెళ్తా మన గుమ్మంలో నిలబడి, సంచి భుజానేసుకుని, "నువ్వూ వచ్చి కాసేపు కూర్చోవే అమ్మాయ్, ఊరికే, నేర్చుకోకపోయినా పర్లేదు" అన్నాడు. పొయ్యి మీద కూరుంది నాన్నా అన్నా. సరేలేమ్మా, మాడుద్ది చూసుకో అని వెళ్ళిపోయాడు. అప్పటికింకా పొయ్యే వెలిగించలేదే నేను.

...ఆ ఫ్యాను కాస్త తగ్గించు. నీ ఊలంతా ఎగురుతుంది.