హ్లావాటీ తడిపిన మట్టి

కూచో అమ్మాయ్. ఆ కుర్చీ కాదు, దాని కాలు వదులు, ఇటు రా. హ్లావాటీ మనవరాలివి కదూ, ముక్కు చూస్తేనే తెలుస్తోందిలే. ఎవరో పాత బేస్‌బాల్ సంగతులు అడగడానికి వస్తారని మా కోడలు చెబితే పేపరువాళ్ళేమో అనుకున్నాను. గడ్డం కూడా గీయించుకున్నా. ఆఁ, బోర్డు సంగతి తెలుసు. గ్రౌండు గేటు దగ్గర యాభై ఒకటో సంవత్సరం జట్టు పేర్లన్నీ చెక్కించి పెడుతున్నారట. నా పేరుందిట. బస్సు తోలినవాడి పేరు కూడా ఉందిట. మీ తాత పేరు మటుకు లేదంటావు. ఎందుకు లేదని అడిగితే ఏమన్నారేంటి? ఊఁ. ఆ సీజను పోయిందే ఆయనవల్ల అన్నారా. నీ మొహం మీదే అన్నారా. సరే. యాభై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఆ మాట అంటూనే ఉన్నారు. అనేవాళ్ళలో ఆ రోజు గ్రౌండులో దిగి ఆడినవాళ్ళెవరూ లేరు. ఆడినవాళ్ళలో ఇంకా బతికున్నది నేనొక్కణ్ణే. చెప్తాను, తొందరపెట్టకు. నా దారిన నన్ను చెప్పనీ.

ముందు సీజను సంగతి చెప్పాలి. కెల్లర్‌విల్ పాటర్స్ అంటే అట్టడుగు లీగులో జట్టు. జీతం తీసుకుని ఆడేవాళ్ళమే గానీ, మా పేర్లు పక్క ఊళ్ళో కూడా ఎవరికీ తెలిసేవి కావు. మే నెలలో మొదలెడితే సెప్టెంబరు మొదటి సోమవారం దాకా దాదాపు రోజూ ఆటే, నూట ఇరవై పైచిలుకు. ఆగస్టు ఎండలో ఉన్ని బట్టలు. ఆట అయ్యాక విప్పి పిండితే బకెట్టు నిండేది. ఫిన్లీ అని మా మేనేజరు, నోట్లో ఎప్పుడూ పొగాకు ముద్ద, మాట సగం బయటికొచ్చేది, సగం లోపలే ఉండిపోయేది. "ఒరేయ్, మిమ్మల్ని చూస్తుంటే మా అత్తగారు గుర్తొస్తోందిరా, ఆవిడా అంతే, కూచుంటే లేవదు" అనేవాడు. అంతకు ముందు ఏడేళ్ళూ మాది చివర్నుంచి రెండో స్థానమో మూడో స్థానమో. అలాంటిది ఆ ఏడు జూలై వచ్చేసరికి అందరికంటే పైన ఉన్నాం. పింగాణీ ప్లేట్ల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగినవాళ్ళు మొహాన తెల్లమట్టి కడుక్కోకుండానే వచ్చి బెంచీల మీద కూచునేవాళ్ళు. ఆదివారం చర్చిలో ప్రసంగం కూడా తొందరగా ముగిసేది. గెలుపు మొహం చూడని ఊరు కదా మరి, పిచ్చెక్కిపోయింది.

మీ తాత ఆ గ్రౌండు చూసుకునేవాడు. అంటే కాపలా కాదు. గడ్డి కొయ్యడం, సున్నంతో గీతలు గీయడం, పరుగెత్తేవాళ్ళు ఆగే బేసుల చుట్టూ ఉండే ఎర్రమట్టిని పెళ్ళగించి, తడిపి, చదును చెయ్యడం. ఫ్యాక్టరీలో మట్టి కలిపే దగ్గర పధ్నాలుగేళ్ళు పనిచేసి వచ్చాడు. గుప్పెట్లోకి కాస్త తీసుకుని పిసికి, "ఇంకో బకెట్" అనేవాడు. ఇంకో బకెట్ పోస్తే సరిగ్గా సరిపోయేది. స్లొవాకియా నుంచి వచ్చిన మనిషి, మాట తక్కువ. మాతో మాట్లాడేది రెండే రెండు ముక్కలు. "గడ్డి తొక్కకు." "కాళ్ళు తుడుచుకో." మేం వెనకాల ఆ మాటల్నే అనుకరించి నవ్వుకునేవాళ్ళం. నేనే అందరికంటే బాగా అనుకరించేవాణ్ణి, చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది.

నీకు ఆట తెలీదన్నావు కాబట్టి ఇదొక్కటి తెలుసుకో. మొదటి బేసు మీదున్న ఆటగాడు, ఎవరూ బంతి కొట్టకపోయినా సరే, పిచరు బంతి విసరడం చూసుకుని రెండో బేసుకి ఉరికేయొచ్చు. దొంగ పరుగన్నమాట. బ్యాటు పట్టుకున్నవాడి వెనకాల గొంతుక్కూచునే క్యాచరు ఆ బంతి అందుకుని, లేచి, రెండో బేసుకి విసిరి వాణ్ణి పట్టించాలి. ఆ క్యాచర్ని నేను. వాడి కాళ్ళకీ నా చేతికీ పందెం. అలాంటి దొంగ ఎవడైనా వస్తున్నాడంటే, సొంత గ్రౌండున్న ప్రతి జట్టూ ఓ పని చేసేది. మొదటి బేసు పక్కన వాడు కాళ్ళు పెట్టి కాచుకునే చోట మట్టిని లోతుగా తడిపి, పైన పొడిమట్టి చల్లేవాళ్ళు. పైకేమీ కనపడదు. ఉరకబోతే కాలు దిగబడుతుంది. అంపైరు కనిపెడితే ఇసక పోయించేవాడు, లేకపోతే లేదు. దీన్ని తప్పనుకున్నవాళ్ళు లేరు. అయితే దానికో కట్టుబాటుండేది. తడపమన్నవాడు సొంత జట్టులో ఒక్కొక్కడికీ చెప్పాలి. మొదటి బేసు దాటాక లోపలి మూల తొక్కొద్దు, గడ్డివైపునుంచి చుట్టి రండి, అని. మీ తాత నీళ్ళు పోసిన రోజున మమ్మల్ని వదిలేవాడు కాదు. "మీ వాళ్ళకి చెప్పావా? అందరికీ చెప్పావా?" చెప్పానని మేం అనేదాకా గొట్టం చుట్టి పక్కన పెట్టేవాడు కాదు.

నెబ్రాస్కా నుంచి ఓస్ట్రాండర్ అని ఓ కుర్రాడొచ్చాడు. కార్ల్ ఓస్ట్రాండర్. ఇరవై ఏళ్ళు, మొక్కజొన్న చేలల్లో పెరిగినవాడు. ఒకావిడ ఇంట్లో మేమిద్దరం ఒకే గదిలో ఉండేవాళ్ళం. ఆవిడ రోజూ క్యాబేజీ ఉడకేసేది, ఇల్లంతా అదే వాసన. వాడు మటుకు రెండోసారి కూడా వడ్డించుకునేవాడు. పరుగెత్తుతుంటే వాడి మొహంలో నవ్వు కనిపించేది తెలుసా. మిగతావాళ్ళం పళ్ళు బిగించి పరుగెత్తేవాళ్ళం, వీడు నవ్వుతూ పరుగెత్తేవాడు. ఆ సీజను పైకి లేచిందంటే సగం వాడి కాళ్ళవల్లే. ఆగస్టు మధ్యలో వాడికి టెలిగ్రాం వచ్చింది. ఆదివారం ఆట ఆడేసి, సోమవారం రైలెక్కి రెండు మెట్లు పైనున్న లీగుకి రమ్మని. టెలిగ్రాం మడిచి టోపీలో పెట్టుకు తిరిగాడు. "లెస్, పైవాళ్ళు నీ గురించి అడిగితే ఏం చెప్పమంటావురా" అని నన్నడిగాడు. వాడికి రైలు దొరికితే నాకూ దొరికినట్టే అనుకున్నాడు, పిచ్చి సన్నాసి.

నా సంగతేమిటంటే, జూలై ఆఖర్లో ఓ రోజు బంతి విసురుతుంటే మోచేతిలో పుటుక్కుమంది. మర్నాటినుంచి దువ్వెన తల మీదికి ఎత్తడానికే ఏడుపొచ్చేది. ఎవరికీ చెప్పలేదు. మందు రాసుకుంటే వాసనొస్తుంది కదా, నడుం నొప్పని ఓస్ట్రాండర్‌తో అబద్ధమాడాను. పాపం తన తలగడ కూడా నాకే ఇచ్చాడు నడుం కింద పెట్టుకోమని. చెయ్యి పోయిన క్యాచర్ని ఒక్క రోజు కూడా ఉంచుకోరమ్మా. మా ఆవిడ మార్గరెట్‌కి అప్పుడు ఏడో నెల. నాకు ఈ ఆట తప్ప ఇంకో పని రాదు. పట్టుకుని, దాచుకుని, ఎలాగో నెట్టుకొస్తున్నాను. ఆ ఆదివారం బ్రాన్‌వెల్ జట్టు వస్తోంది, మా వెనకే రెండో స్థానంలో ఉన్నవాళ్ళు. వాళ్ళలో టాలివర్ అని ఒకడున్నాడు, అప్పటికి డెబ్భై దొంగ పరుగులు చేసినవాడు. వాడు బేసెక్కి నన్ను పరీక్షించాడంటే నా బతుకు ఊరందరి ముందూ బయటపడుతుంది.

ఆదివారం పొద్దున్నే మీ తాత పనిముట్ల షెడ్డుకి వెళ్ళాను. మొదటి బేసు దగ్గర తడపమని అడిగాను. తల అడ్డంగా ఊపాడు. "ఈ ఏడు మన పిల్లలే ఎక్కువ పరుగెత్తుతున్నారు. వద్దు." ఫిన్లీ చెప్పాడా అని అడిగాడు. లేదు, నేనే అడుగుతున్నానన్నాను. అప్పుడు నా మొహం కూడా చూడలేదాయన, చేతి వంక చూశాడు. "రెండో బేసు ముందు నీ బంతి చేసిన గుంతలు రోజూ నేనే పూడుస్తున్నాను" అన్నాడు. అర్థమైందా? గాల్లో తిన్నగా వెళ్ళాల్సిన బంతి, నా చేతిలో సత్తువ లేక నేల మీద పడి గెంతుకుంటూ వెళ్తోంది. మేనేజరు చూళ్ళేదు, పక్కన పడుకునేవాడు చూళ్ళేదు. మట్టి సాపు చేసే మనిషి చూశాడు. మూడు వారాలనుంచి చూసి, ఒక్క ముక్క ఎవరితోనూ అనలేదు. "మీ ఆవిడకి ఎన్నో నెల?" అన్నాడు. ఏడు అన్నాను. గొట్టం తీసుకుని బయటికి నడిచాడు. తడిపాడు, పైన పొడిమట్టి జల్లాడు, చీపురుతో ఊడ్చాడు. నేను బట్టలు మార్చుకుని వచ్చేసరికి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. "మీ వాళ్ళకి చెప్పావా?" చెప్పానన్నాను. "ఓస్ట్రాండర్‌కి?" అందరికంటే ముందు వాడికే చెప్పానన్నాను.

చెప్పలేదమ్మా. ఒక్కడికీ చెప్పలేదు. చెబితే ఎందుకు తడిపించావురా అని అడుగుతారు. ఫిన్లీ అడగని తడి ఎందుకొచ్చిందని అడుగుతారు. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు ఒక్కటే ఉంది, అది నా మోచేతిలో ఉంది. మనవాళ్ళెవరూ అటు కాలు పెట్టరులే, ఒక్క ఆటే కదా, అనుకున్నాను. మొదట్లోనే టాలివర్ బేసెక్కాడు, ఉరకబోయాడు, కాలు దిగబడి తూలాడు. నా బంతి రెండుసార్లు నేల మీద పడి వెళ్ళినా వాడు దొరికిపోయాడు. జనం లేచి నిలబడి అరిచారు. నేనూ చెయ్యెత్తి ఊపాను, నొప్పి లేని చెయ్యి. అంత సంతోషం నాకు మళ్ళీ ఎప్పుడూ కలగలేదు, అదే నాకు ఇప్పటికీ బాధ.

మూడో ఇన్నింగ్స్‌లో ఓస్ట్రాండర్ కుడివైపు మూలకి కొట్టాడు. ఇద్దరు ఆటగాళ్ళ మధ్యనుంచి వెళ్ళిపోయింది బంతి. రెండు బేసులు ఖాయం. నవ్వుతూ వస్తున్నాడు. మొదటి బేసు లోపలి మూల తొక్కి, ఒళ్ళు వంచి తిరిగాడు. మనిషి తిరిగాడు, కాలు తిరగలేదు. మోకాలు దాకా అక్కడే ఉండిపోయింది. చప్పుడు మా బెంచీ దాకా వినిపించింది. వాడు అరవలేదు, నేల మీద చెయ్యి పెట్టి, పొడిమట్టి పక్కకి తోసి, కింద తడి చూసి, మా బెంచీ వంక చూశాడు. ఎవరైనా చెప్పాల్సింది కదా అన్నట్టు. ఏంటమ్మా? మంచినీళ్ళా? వద్దులే, ఉండు.

ఆట అయ్యాక ఫిన్లీ మమ్మల్నందర్నీ నిలబెట్టి, మీ తాతని పిలిపించాడు. పొగాకు ఉమ్మేసి మరీ మాట్లాడాడు, అందుకే ఆ రోజు వాడి మాట ప్రతి ముక్కా అర్థమైంది. "ఎవరు తడపమన్నారు?" ఎవరూ అనలేదు, నేనే తడిపాను అన్నాడు మీ తాత. "మరి మనవాళ్ళకి ఎందుకు చెప్పలేదు?" అప్పుడు నా వంక చూశాడమ్మా ఆయన. ఎంతోసేపు కాదు. కోపంగా కూడా కాదు. నేను అప్పటికైనా చెప్పేస్తాననుకున్నాడేమో, చెప్పడానికి నాకు కాస్త టైమిచ్చాడేమో. నేను నా బూటు తాడు చూసుకుంటూ నిలబడ్డాను. "మర్చిపోయాను" అన్నాడు. అంతే. ఆ సాయంత్రమే షెడ్డు తాళం చెవి లాక్కుని పంపించేశారు. ఆస్పత్రిలో ఓస్ట్రాండర్ నన్ను తిన్నగా అడిగాడు. "నీకు తెలుసా లెస్?" తెలీదన్నాను.

వాడు లేకపోయేసరికి మిగిలిన పదిహేడు ఆటల్లో పధ్నాలుగు పోయాయి. మూడో స్థానం. మరుసటేడు జట్టే లేదు. ఊరికి కోపం చూపించుకోడానికి ఒక మనిషి కావాలి, మాట రాని మనిషి దొరికాడు. మీ తాత మళ్ళీ ఫ్యాక్టరీకెళ్ళి బట్టీ దగ్గర చేరాడు. ఆ గ్రౌండు వైపు మళ్ళీ కాలు పెట్టలేదని మీ అమ్మ చెప్పే ఉంటుంది. ఇక నా చెయ్యంటావా, పన్నెండు రోజులొచ్చింది. పన్నెండు రోజుల తర్వాత బంతి పిచరు దగ్గరికి కూడా చేరడం మానేస్తే నన్నూ పంపించేశారు. పన్నెండు రోజుల కోసమమ్మా అదంతా.

నువ్వు ఆ కమిటీకి ఇది రాసివ్వు, నేను సంతకం పెడతాను. ఆయన పేరు పెట్టమను. నా పేరు తీసేస్తారో ఉంచుతారో వాళ్ళ ఇష్టం. ఓస్ట్రాండరా? పోయాడు, అరవై ఎనిమిదో సంవత్సరంలో. కాలు వంగేది కాదు, వాళ్ళ ఊళ్ళో దాణా కొట్టు పెట్టుకున్నాడు. ప్రతి క్రిస్మస్‌కీ నాకు కార్డు రాసేవాడు. ఒకసారి కింద ఇంకో ముక్క రాశాడు. "హ్లావాటీ కనిపిస్తే నాకు ఆయన మీద కోపమేమీ లేదని చెప్పు లెస్, పాపం ఆయనకి ఆ బరువెందుకు" అని. మీ తాత ఇంటికీ మా ఇంటికీ మధ్య నాలుగు వీధులు. ఆ కార్డొచ్చాక ఆయన ఇంకో ఇరవై రెండేళ్ళు బతికాడు. కనిపించేవాడు, ఎందుకు కనిపించడు. టోపీ ఎత్తి పలకరించేవాడు, ప్రతిసారీ ఆయనే ముందు.

లేదమ్మా. చెప్పలేదు.

ఆ కిటికీ కాస్త మూసెయ్, గాలి చల్లగా వస్తోంది.