వెన్నుదూలం ముక్క

పడవలు కట్టే తానా బెరు ఊరి ఒడ్డున పడవల మేస్త్రీ ఉలి నూరుకుంటుంటే, ఒక పడవ యజమాని భార్య వచ్చి బట్టలో చుట్టిన చెక్కముక్కను ఆయన ముందు పెట్టింది. కొత్త పడవ మొదలుపెట్టిన రోజున దాని అడుగున పొడవునా ఉండే వెన్నుదూలం రెండు కొసలూ కోసి, ముందు ముక్కను సముద్రంలో వేస్తారు, వెనక ముక్కను యజమాని భార్యకు ఇస్తారు. అది ఇంట్లో ఉన్నన్నాళ్ళూ పడవ తిరిగొస్తుందని నమ్మకం.

"పంతొమ్మిది రోజులైంది మావా. మా ఆయన రాలేదు."

"ఎదురుగాలి కదమ్మా. ఏ దీవిలోనో ఆగుంటాడు."

"ఆయనతో బయల్దేరిన పడవలన్నీ వచ్చేశాయి. నిజం చెప్పు, పోయినేడు పడవలో ఏం మార్చావు?"

"పక్క పలకలు. కుళ్ళిపోయాయిగా."

"అంతకుముందు?"

"అడుగు పలకలు, తెరచాప కొయ్య, చుక్కాని. అయినా అది మీ పడవే. తాటాకు కప్పు మారిస్తే ఇల్లు వేరైపోతుందా?"

"కప్పు సంగతి సరే. వెన్నుదూలం?"

అబద్ధమాడదామనుకున్నాడు మేస్త్రీ. కానీ ఆ ముక్క ఎదురుగా ఉంది.

"అదీ మార్చాను. వేట కాలం దాటిపోతుందని మీ ఆయన ఒకటే తొందర."

"కొత్తదాని ముక్క నాకివ్వలేదే."

"పాతది ఉందిగా అనుకున్నాం."

"అయితే ఆనాటి పడవలో ఇప్పుడు మిగిలిందేంటి?"

మేస్త్రీ ఉలితో ఆమె తెచ్చిన ముక్కను చూపించాడు.

"ఇదొక్కటే."

ఆమె ముక్కను మళ్ళీ బట్టలో చుట్టుకుంది.

"అంటే నా పడవ పదిలంగా నా ఇంట్లోనే ఉంది. మరి ఆయన్ని దేనిమీద పంపావు మావా?"