ఎర్ర గీత పైన ఉండాలి

అలా మొహం తిప్పుకుంటే ఎలా నాన్నా? బ్లేడు గీసుకుంటుంది. పక్షవాతంతో నీ మాట పడిపోయి పద్నాలుగు నెలలైంది, మొండితనం మాత్రం పడిపోలేదు. పన్నెండింటికి బండి వస్తుంది. ఈ ఆసుపత్రి వార్డులో అందరినీ ఖాళీ చేయిస్తున్నారు. ఎందుకో చెప్తాను, ఆగు.

మీ జనాభా లెక్కల ఆఫీసు హాల్లో ఆ పెద్ద బోర్డు గుర్తుందా? ఎర్ర గీత మన దేశం, నీలం గీత నది అవతలి దేశం. మనిషికి ఏడాదికి ఎంత ఆదాయమో చూపించే గీతలు. చిన్నప్పుడు నన్ను భుజాన ఎక్కించుకుని చూపించేవాడివి. వాళ్ళకి మనం రెట్టింపమ్మా, అనేవాడివి. ఆ డబ్బేదో మా ఇంట్లోనే ఉన్నట్టు బడంతా చెప్పుకు తిరిగాను. ఇంట్లో చూస్తే వానొస్తే కారే రెండు గదులు.

తర్వాత నీలం గీత లేచింది. ఏటేటా లేచింది. రెండూ కలవబోయే ఏడు నీ బుర్ర భలే పనిచేసింది, కదూ? పని కోసం నది దాటినవాళ్ళని జనాభాలోంచి తీసేశావు. వాళ్ళు ఇంటికి పంపే డబ్బుని మాత్రం దేశం ఆదాయంలో ఉంచావు. ఎంతమంది వెళ్ళిపోతే మిగిలినవాళ్ళం అంత కలిగినవాళ్ళం! చప్పట్లు కొట్టి నీకు గోడ గడియారం ఇచ్చారు.

అమ్మ వెళ్ళిందీ ఆ ఏడే. అవతల ఆసుపత్రి దుప్పట్లు ఉతకడానికి. నా కాలేజీ ఫీజుకి నీ జీతం చాలక. దేశం ఎంత గొప్పదో లెక్కకట్టే మనిషి జీతం.

కళ్ళు మూసుకోకు. ఈ చెంప అయింది, అటు తిరుగు.

మీ ఆఫీసు గేటు ముందు జెండా పట్టుకుని అరిచినవాళ్ళలో నేనూ ఉన్నాను. 'గీతలు కాదు, మనుషులు కావాలి.' ఆ మాటా మాది కాదులే, ఏదో కరపత్రంలోంచి ఎత్తింది. నువ్వు కిటికీలోంచి ఓసారి చూసి తెర లాగేశావు. చివరికి అదే ఆఫీసులో, నీ కుర్చీలోనే కూర్చున్నాను. లోపల్నుంచి మారుస్తానని స్నేహితులకి చెప్పాను. నవ్వొస్తోందా? నవ్వు.

మొదటి వారమే పాత రిజిస్టర్లు తీశాను. మన వీధి, మన ఇంటి నంబరు. ముగ్గురు అన్నది కొట్టేసి పక్కన ఇద్దరు అని ఉంది, నీ గుండ్రటి చేతిరాతలో. గుమస్తాకి కూడా వదల్లేదు. అమ్మ అక్కడే పోయిందని కబురొచ్చినప్పుడు ఆ పేజీ తెరవాల్సిన పనే లేకపోయింది నీకు. అప్పటికే రెండేళ్ళుగా లేదుగా మరి.

ఏడవకు, నురగ కారిపోతోంది.

ఈ ఏడు ఎర్ర గీత వెంట్రుకవాసి కిందికి దిగింది. పైవాళ్ళు పిలిచి, 'మీ నాన్నగారైతే ఏదో దారి చూసేవారమ్మా' అన్నారు. అంతే, నాకు తిక్క రేగింది. నీకంటే నేనేం తక్కువ? ఏడాది దాటి ఆసుపత్రుల్లో పడి ఉన్నవాళ్ళు ఏ ఇంటి మనుషులూ కారని ఒక పేరా రాసి సంతకం పెట్టాను. నాలుగు వాక్యాలు. ఎర్ర గీత పైకి లేచింది. హాలంతా చప్పట్లు.

ఆసుపత్రులకి మంచాలు ఇచ్చేది ఆ జనాభా లెక్క చూసే. తెలీక చేశానని చెప్పను, తెలుసు. లెక్కలో లేనివాళ్ళకి మంచాలెందుకని మొన్న ఉత్తర్వు వచ్చింది. అందుకే ఇంటికి. తొమ్మిది నుంచి ఆరు దాకా నేను ఆఫీసులో ఉంటాను. నువ్వు ఆ కారే కప్పు చూస్తూ పడుకుందువుగాని.

మన పేజీ కూడా దిద్దాను నాన్నా. ఇద్దరు కొట్టేసి ఒకరు అని రాశాను. నేనూ గుమస్తాకి వదల్లేదు.

గడ్డం ఎత్తు. ఇంకాస్తే మిగిలింది.