జేబులో ప్లగ్గు

పందేనికి గంటే ఉంది. షెడ్డులో అతను కారు చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. పెళ్లయి నెల తిరగని భార్య కారుకి అడ్డంగా నిలబడింది.

"నైట్రస్ గ్యాసు సిలిండర్ తెరువు, బంగారం. కారు దూసుకుపోవాలి."

"తెరవను. పొద్దున నడిపి చూశాక స్పార్క్ ప్లగ్గు చూశారా?"

"టైమెక్కడిది?"

"నేను విప్పి చూశాను. తెల్లగా కాలి, చుక్కలు పడ్డాయి. గ్యాసుకి తగ్గ పెట్రోలు అందకపోతే అలా అవుతుందని మీరేగా నేర్పారు!"

"ఒక్క పందేనికి ఏం కాదులే."

"పిస్టన్ కరిగి ఇంజను పేలితే? సరే, పక్క సీట్లో నేనూ కూర్చుంటా."

"నువ్వా? వద్దు!"

"మరి మీరు మాత్రం ఎందుకు?"

అతను తిరగడం ఆపాడు. "గ్యాసు తగ్గిస్తే ఓడిపోతాం."

"ఓడితే కబుర్లాడుకుంటూ ఇంటికెళ్దాం."

"ప్లగ్గేది?"

"నా జేబులో."

"జగమొండివే! గ్యాసు తగ్గించే చిన్న జెట్టు వెతుకు, మారుస్తా."

ఆమె నవ్వుతూ రెండో జేబులోంచి జెట్టు తీసింది.