బస్సు తాళం

కొత్త ఉద్యోగానికి తొలిరోజు బయలుదేరిన కూతురికి స్కూలు బస్సు తాళం కనిపించలేదు. తల్లి మాత్రం వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది.

“అమ్మా, తాళం ఇచ్చెయ్. పిల్లలు ఎదురుచూస్తుంటారు.”

“అంత పెద్ద బస్సు నీకెందుకే? ఏ ఆఫీసులోనో నీడపట్టున కూర్చోవచ్చుగా.”

“సైన్యంలో పదేళ్ళు లారీ నడిపానమ్మా. కొండల్లో, వెనకాల మందుగుండు వేసుకుని.”

“అది వేరు. అది పేలితే నువ్వొక్కదానివే పోయేదానివి. వీళ్ళు ఊరందరి పిల్లలు.”

“అంటే నేను పోయినా ఫర్వాలేదన్నమాట.”

“అశుభం పలక్కు. అన్నేళ్ళూ నాకు కంటిమీద కునుకుందా? ఫోన్ మోగితే చాలు, గుండె జారిపోయేది. నువ్వేమో ‘భయమేం లేదమ్మా, హాయిగా ఉన్నా’ అనేదానివి.”

“అబద్ధం చెప్పేదాన్ని.”

“మరి ఇప్పుడో?”

“ఇప్పుడు ఇంకా భయం. మందుగుండు పెట్టెలు కిటికీలోంచి తల బయటపెట్టవు, సీట్లెక్కి గెంతవు. రాత్రంతా నిద్ర పట్టలేదు.”

తల్లి ఆమెను తేరిపార చూసింది. ఈ పిల్ల తన కడుపున పుట్టిందేనని ఇన్నాళ్ళకు నమ్మకం కుదిరింది. బియ్యం డబ్బాలో చెయ్యిపెట్టి తాళం తీసి, నూకలు దులిపి చేతిలో పెట్టింది.

“ఆ మాట ముందే చెప్పి ఏడవచ్చుగా. ధైర్యం ఉన్నవాళ్ళ చేతిలో పిల్లల్ని ఎవరైనా పెడతారా? వెళ్ళు, ఆలస్యమవుతోంది.”