రొట్టెల కొట్టులోంచి జాడీ తీసుకెళ్లింది నేనే

అయ్యా,

ముందుగా నా దస్తూరీని, అక్షర దోషాలను మన్నించాలి. ఐదో తరగతితో నా చదువు ఆగిపోయింది. నోటితో చెప్పమంటే చెప్పలేకపోయాను. అది చూసి, మా భాష తెలిసిన మీ ఆఫీసు మేడంగారు, "పోనీ రాసివ్వమ్మా, నేను చదివి సార్‌కి చెప్తాలే, కంగారు పడకు" అన్నారు. అందుకని స్టేషన్ వరండాలో బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను.

పేరు, ఇంటి నంబరు ఆవిడే పైన రాసుకున్నారు. వయసు ఇరవై రెండు. వృత్తి అన్నచోట ఇంటిపని అని రాయండి. మా ఆయన సామాన్ల వ్యాను నడుపుతాడు. ఆయన అక్క, అంటే మా వదిన, మాతోనే ఉంటుంది.

మా వీధి చివర చిన్న కొట్ల వరస ఉంది. ఒక్కో కొట్టువాళ్లది ఒక్కో భాష. నాకు ఏదీ రాదు. వదిన సరుకులన్నీ పెద్ద షాపులోనే కొంటుంది. "అన్నీ ఒక్కచోట దొరుకుతుంటే సంచీ పట్టుకుని వీధులు కొలవడమెందుకే? పైగా నువ్వు నోరు విప్పవు. నీకేం కావాలో వాళ్లకేమన్నా కల వస్తుందా?" అంటుంది.

నిజానికి నోరు విప్పకుండా కొనుక్కోవడం చిన్న కొట్లలోనే సులువు. ఖాళీ పొట్లం చూపిస్తే చాలు, అదే కట్టిస్తారు. నేను ఎప్పుడూ చూడని దుంప ఏదైనా తిప్పి చూస్తుంటే, కూరగాయలామె దాని తొక్క తీయాలో అక్కర్లేదో, ఉడకబెట్టాలో వేయించాలో చేతులతో చేసి చూపిస్తుంది. ఒకసారి ఒక దుంపను చూపించి కళ్లు తుడుచుకున్నట్టు చేసింది. ఇంటికొచ్చి కోశాక ఎందుకో తెలిసింది. ఇలాంటివి చూడాలని నాకు ఆశ. అందుకే వదిన పెద్ద షాపుకు పంపినా, వచ్చేటప్పుడు ఈ వరసలోంచే వస్తాను.

రొట్టెల కొట్టు ఆ వరసలో చివరిది. దానికి ఆనుకుని తాళాలాయన కొట్టు. అది తలుపంత వెడల్పే ఉంటుంది, ఆయన పక్కకు తిరిగి లోపలికి వెళ్తాడు.

రొట్టెలాయన బట్టీ పక్కన, వెచ్చగా ఉండే చోట, అరమీద ఒక మట్టి జాడీ ఉండేది. మూతికి పల్చటి గుడ్డ కట్టి ఉండేది. రోజూ నేను రొట్టె కొనే వేళకు ఆయన గుడ్డ తీసి, అందులో ఏదో వేసి, చెంచాతో కలిపి, జాడీకి చెవి ఆనించి వినేవాడు. తరువాత దాన్ని చేత్తో తట్టి, వాళ్ల భాషలో ఏదో అని మళ్లీ గుడ్డ కట్టేవాడు. అందులో తాబేలునో చేపనో పెంచుతున్నాడనుకున్నాను. అదేమిటో తెలుసుకోకపోతే నాకు అన్నం సయించేలా లేదు. మునివేళ్ల మీద నిలబడి చూడబోయాను. ఆయన నన్ను చూసేశాడు. పారిపోదామనుకునేలోపే జాడీ దించి నా ముందు పెట్టాడు.

లోపల పిండి. బుడగలు వస్తూ, పగులుతూ ఉంది. పుల్లటి వాసన. పాలకు తోడు ఎలాగో రొట్టెలకు అది అలాగని నాకు వెంటనే అర్థమైంది. ఆయన తన గడ్డం చూపించి, చేతిని నేల దగ్గర పెట్టి, తరువాత పైకెత్తి చూపించాడు. తను చిన్నపిల్లాడిగా ఉన్నప్పటి నుంచీ అది బతికి ఉందని చెప్పాడనుకుంటాను.

పోయిన సోమవారం పొద్దున నేను వెళ్లేసరికి రొట్టెలాయన కొట్టులో కిందపడి ఉన్నాడు. మూతి ఒక పక్కకు వంకరపోయింది. అంబులెన్సులో తీసుకెళ్లారు. ఆయన మేనల్లుడు బట్టీ ఆర్పి, షట్టరు దించి, తాళం వేసి వెంట వెళ్లాడు. ఆ అబ్బాయికి ఆ కంగారులో జాడీ గుర్తుండదు కదా. మర్నాడూ షట్టరు దించే ఉంది. బుధవారమూ అంతే. నాకు ఇంట్లో ఏ పని చేస్తున్నా ఆ బుడగలే కళ్లముందు కనిపించాయి.

బుధవారం మధ్యాహ్నం, ఎండ బాగా ఉండగా, నేనే తాళాలాయన దగ్గరికి వెళ్లాను. ఇది దయచేసి గట్టిగా రాసుకోండి. ఆయన నన్ను పిలవలేదు. నేను రొట్టెల కొట్టు షట్టరు చూపించాను. వేళ్లు నోటి దగ్గర పెట్టి తింటున్నట్టు చేశాను. తరువాత లేదన్నట్టు చెయ్యి అడ్డంగా ఊపాను. పొట్ట పట్టుకున్నాను. కళ్లు మూసి తల వాల్చేశాను.

ఆయన ముఖం తెల్లబోయింది. లోపల ఎవరో తిండి లేక పడి ఉన్నారనుకున్నాడు. అప్పుడు నాకు ఆ సంగతి తెలియదు, ఇంత తొందరగా ఒప్పుకున్నాడేమిటా అనుకున్నాను. పనిముట్ల సంచీ తెచ్చి, అందరూ చూస్తుండగానే మోకాళ్ల మీద కూర్చుని తాళం తీశాడు. షట్టరు సగం ఎత్తి దూరిపోయి, బల్లల కింద, బస్తాల వెనుక వెతకడం మొదలుపెట్టాడు. పిల్లిని పిలిచినట్టు నోటితో చప్పుడు చేశాడు. తరువాత పసిపిల్లల్ని పిలిచినట్టు మెల్లగా ఏదో అన్నాడు.

నేను జాడీ దించి, గుడ్డ తీసి చూపించాను. ఆయన జాడీలోకి చూశాడు. నా వంక చూశాడు. మళ్లీ జాడీలోకి చూశాడు. అప్పుడు పిండి బస్తా మీద కూలబడి, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. పెళ్లయి ఈ ఊరొచ్చాక బయట అంత గట్టిగా నవ్వడం అదే మొదటిసారి.

జాడీ తీసుకెళ్లమని ఆయనే సైగ చేశాడు, రోజూ తాళం తీయలేడు కదా. షట్టరు దించి మళ్లీ తాళం వేశాడు. కొట్టులో ఇంకే వస్తువూ ముట్టుకోలేదు. వచ్చేటప్పుడు వదిన గుర్తొచ్చి, ఎవరికీ చెప్పొద్దని పెదాల మీద వేలు పెట్టుకున్నాను. నా తప్పు అదొక్కటే.

జాడీని వంటింట్లో వేణ్ణీళ్ల గొట్టం పక్కన దాచాను. "ఏంటే ఈ పులుపు కంపు? గోడలో ఏదన్నా చచ్చిందా?" అని వదిన వాసన చూస్తూ తిరిగింది. నేను కిటికీ తెరిచాను.

ఈ రోజు పొద్దున వెళ్తే తాళాలాయన కొట్టు మూసి ఉంది. కూరగాయలామె బేడీలు వేసినట్టు రెండు మణికట్లూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూపించింది. గబగబా ఇంటికొచ్చి మా ఆయనకు అంతా చెప్పాను.

ఆయన సగం తాగిన కాఫీ కింద పెట్టాడు. "పిండి కోసం తాళం తీయించావా?"

"చచ్చిపోతుందండీ."

"పిండా?"

వదిన లోపలి నుంచి వచ్చి, "నోట్లో నాలుక లేదనుకున్నాం, చేతుల్తోనే ఇంత పని చేసిందన్నమాట. ఇప్పుడు పోలీసుల ముందు కూడా చేతులే ఊపుతుందా?" అంది. మళ్లీ తనే, "ఆ తాళాల మనిషి నీ సంగతి ఎందుకు చెప్పలేదటే?" అని అడిగింది. నేను వేలు పెదాల మీద పెట్టి చూపించాను. వదిన లోపలికి వెళ్లి, జాడీ ఒలికిపోకుండా చుట్టమని తన పాత శాలువా తెచ్చిచ్చింది.

ఇక్కడికొచ్చాక మేడంగారు చెప్పారు. తెలివొచ్చాక రొట్టెలాయన మొదట జాడీ గురించే అడిగాడట. అది లేకపోయేసరికి మేనల్లుడు ఫిర్యాదు ఇచ్చాడట. షట్టరు తీయడం చూసినవాళ్లు తాళాలాయన పేరే చెప్పారట. తాళాలాయనను మీరు ఎన్నిసార్లు అడిగినా, "లోపల ఆకలిగా ఉంది, తెరిచాను" అన్న ఒక్క మాటే చెప్పాడట. వెటకారం చేస్తున్నాడని మీకు కోపం వచ్చిందట. అయ్యా, ఆయన చెప్పింది నిజం. ఆయన మీద నేరం రుజువైతే తాళాలు తీసే లైసెన్సు పోతుందని, ఇక ఆ కొట్టు తెరవలేడని కూడా మేడంగారు చెప్పారు. తీయమన్నది నేను. తీసుకెళ్లింది నేను. ఆయనను పంపించేయండి.

ఇంకొక మాట. మీ కానిస్టేబుల్‌గారు జాడీకి గట్టి మూత పెట్టి, చుట్టూ టేపు వేసి, సీలు వేశారు. దానికి గాలి కావాలి. ఈ పూట తిండి కూడా పెట్టాలి. సగం తీసేసి, మిగిలినదాంట్లో రెండు గుప్పిళ్ల పిండి, గ్లాసుకు కాస్త తక్కువగా గోరువెచ్చని నీళ్లు, చివర వేయించిన బార్లీ పొడి చిటికెడు వేసి కలపాలి. సీలు వేరేవాళ్లు తీయకూడదంటే, మీరే తీసి, మీ ఎదుటే నన్ను కలపనివ్వండి. మాట్లాడను, కలిపేసి కూర్చుంటాను.

ఇందులో ఉన్నదంతా నేను కళ్లారా చూసింది, నా చేతులతో చేసింది. ఎవరి బలవంతమూ లేదు. మా ఆయన పక్కనే ఉన్నా ఒక్క మాట కూడా అందించలేదు. మేడంగారు చదివి వినిపించాక, సరిగ్గా ఉందని ఒప్పుకుని సంతకం చేస్తున్నాను.

(సంతకం)

సంతకం పెట్టాక తట్టింది. బార్లీ పొడి సంగతి రొట్టెలాయన మేనల్లుడికి కూడా చెప్పలేదు. నేను ఊరికే నిలబడి చూడడం వల్ల తెలిసింది. పెద్దాయన బతుకుదెరువు అది. కేసు అయిపోగానే ఈ కాగితం కాల్చేయండి. అలా కాల్చకూడదంటే, ఆ ఒక్క వాక్యం మీద సిరా పోసేయండి, కాకపోతే ముందు జాడీలో పిండి కలిపి, ఆ తరువాతే పోయండి.